మా పాత పికప్ ఇంజన్ మిస్సింగ్‌ను పట్టిచ్చిన టెంపరేచర్ గన్, ఐదేళ్ళు వాడాక

2020లో కొన్న ఇన్‌ఫ్రారెడ్ టెంపరేచర్ గన్ గురించి రాస్తున్నా, ముట్టుకోకుండా దూరం నుంచే వేడి కొలిచేది. వెయ్యి రూపాయల లోపు వస్తువు. మా బండి 2008 మోడల్ పికప్, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్, సిలిండర్లకు డీజిల్ పంపేది పాత రకం రోటరీ పంపు. కంప్యూటర్ ఏమీ లేదు, స్కానర్ పెడదామన్నా పాయింటే ఉండదు. నల్గొండ జిల్లా కనగల్ దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. మా కాయతో పాటు చుట్టుపక్కల రైతుల కాయ కూడా హైదరాబాద్ మార్కెట్‌కు వేస్తాను, మొదట్లో కొత్తపేటకు, మార్కెట్ అక్కడినుంచి మారాక బాటసింగారానికి. రాత్రి లోడ్ ఎత్తుకుని బయలుదేరితే తెల్లారేసరికి అక్కడ ఉండాలి, నార్కట్‌పల్లి దాటాక హైవే మీద బండి పడుకుందంటే మన కాయే కాదు, నమ్మి వేసిన పక్క రైతు కాయ కూడా రేటు పోతుంది.

గన్ కొనే ముందు జరిగింది చెప్పాలి. బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే తెల్ల పొగ, కళ్ళు మండేంత. ఎక్సలేటర్ తొక్కకుండా స్లోలో ఉంచితే గేర్ రాడ్ దడదడా ఊగేది, లోడు మీద పికప్ లేదు. మెకానిక్ బానెట్ ఎత్తి రెండు నిమిషాలు విని, "పంపు టైమింగ్ తప్పిందన్నా, దించుడే" అన్నాడు. అంటే పంపు డీజిల్ పంపే సమయం తప్పిందని. సరే అన్నాను. పంపు దించారు, పంపు షాపులో విప్పి, కిట్ వేసి, క్యాలిబ్రేషన్ చేసి తెచ్చి బిగించారు. నాలుగు రోజులు, పద్నాలుగు వేలు. సెల్ఫ్ కొడితే అదే పొగ, అదే ఊగుడు. అతను మోసం చేశాడని నేను అనను, చెవితో విన్నది చెప్పాడు. కానీ ఆ చెవికి ఒక ప్రశ్న అందలేదు, మిస్సవుతున్నది, అంటే మంట సరిగ్గా పట్టనిది, ఒక సిలిండరా, నాలుగూనా?

నాకు ఆ తర్వాత అర్థమైంది ఇదే, అందుకే ఇంత రాస్తున్నా. ఈ రకం ఇంజన్‌లో పంపు ఒక్కటే, దాన్ని తిప్పే షాఫ్టూ ఒక్కటే. పంపు టైమింగ్ తప్పితే నాలుగు సిలిండర్లకూ ఒకేలా తప్పుతుంది. లేటయితే తెల్ల పొగ, పికప్ లేకపోవడం, ముందుకు జరిగితే గట్టి టకటక చప్పుడు. ఒక్క సిలిండరే కొట్టడం లేదంటే ముందు ఆ సిలిండర్ సంగతే చూడాలి, డీజిల్ చిమ్మే దాని నాజిల్, దాని వాల్వు, దాని కంప్రెషన్ (లోపల గాలిని నొక్కే బలం). పైకి రెండింటి పొగా ఒకటే, ఊగుడులో మాత్రం తేడా ఉంటుంది, అది చెవికి అంత తేలిగ్గా దొరకదు. గన్‌కు దొరుకుతుంది, ఎందుకంటే మంట లేని సిలిండర్ నుంచి వచ్చే గాలి చల్లగా ఉంటుంది.

వాడే పద్ధతి మా బండి మీదే నేర్చుకున్నాను. రాత్రంతా ఆపి ఉంచిన బండి కావాలి. పొద్దున స్టార్ట్ చేసి, స్లోలోనే వదిలి, ఒక నిమిషం అయ్యాక ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (సిలిండర్ల పొగ బయటికి పోయే నాలుగు కొమ్మల ఇనుప గొట్టం) ఇంజన్ హెడ్‌కు అంటుకుని ఉన్న చోట, నాలుగు కొమ్మలకూ సరిగ్గా ఒకే స్థానంలో, జానెడు లోపు దూరం నుంచి కొట్టాలి. మొదటిసారి నాకు వచ్చిన అంకెలు ఇవి: 71, 68, 43, 70. ఫ్యాన్ వైపు నుంచి మూడోది 43. ఆ అంకె చూసి కాసేపు అలాగే నిలబడిపోయాను. పద్నాలుగు వేలు పెట్టింది పంపుకు, రోగం ఉన్నది మూడో సిలిండర్‌లో. పది నిమిషాలు ఆగి మళ్ళీ కొడితే 118, 114, 97, 113 వచ్చాయి. ఇనుము కదా, వేడి పక్కకు పాకి తేడా తగ్గిపోతుంది. అందుకే వేడి బండి మీద చూసి "అన్నీ బాగానే ఉన్నాయి" అనుకోవద్దు.

గట్టి చేసుకోవడానికి మూడో నాజిల్ పైపు నట్టును పదిహేడు స్పానర్‌తో అరచుట్టు వదులు చేశాను, చుట్టూ గుడ్డ పెట్టి. అలా చేస్తే ఆ సిలిండర్‌కు డీజిల్ అందదు, అయినా ఇంజన్ చప్పుడు మారలేదు, అంటే అది ముందునుంచే పనిచేయడం లేదు. ఒకటో దానిది వదులు చేస్తే వెంటనే కూలబడింది. ఇది పాత పంపు బండ్లకే. కామన్ రైల్ బండి (కంప్యూటర్ ఉన్న కొత్త రకం డీజిల్) అయితే ఆ పైపులను ముట్టుకోవద్దు, అందులో వెయ్యి బార్‌కు పైగా ప్రెషర్ ఉంటుంది, డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. ఆ బండ్లకు స్కానర్‌లోనే ఏ సిలిండర్ బలహీనంగా ఉందో కనపడుతుంది.

తర్వాత మూడో నాజిల్ ఒకటికి, ఒకటోది మూడుకు మార్చి, కింద కొత్త రాగి వాషర్లు వేశాం. మరుసటి పొద్దున ఒకటో కొమ్మ చల్లబడింది. అంటే తప్పు నాజిల్‌దే, దానితో పాటే నడిచి వెళ్ళింది. టెస్టర్ మీద పెడితే పొగమంచులా చిమ్మాల్సింది చుక్కలు కార్చింది. కొత్త నాజిల్ వేశాక బండి మా ఇంటి గేటు ముందు ఎంత నిశ్శబ్దంగా నిలబడిందో, మా నాన్న బయటికొచ్చి "ఆపినవా?" అని అడిగాడు.

2022లో మళ్ళీ ఊగింది, ఈసారి రెండోది చల్లన. నాజిల్ మార్చినా చల్లదనం అక్కడే ఉండిపోయింది. ట్యాపెట్ గ్యాప్ (వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య సందు) చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర సందు కొలిచే గేజి రేకే దూరలేదు. వాల్వు పూర్తిగా మూసుకోవడం లేదన్నమాట. గ్యాప్ పెట్టగానే సర్దుకుంది. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపి ఉంటే వాల్వు కాలిపోయి హెడ్ దించాల్సి వచ్చేది.

అసలైన టైమింగ్ తప్పు మూడోసారి బండి మొరాయించినప్పుడే వచ్చింది, పోయిన చలికాలం. తెల్ల పొగ, పికప్ సున్నా, కానీ గన్ నాలుగింటికీ దాదాపు ఒకే అంకె చూపించింది. అప్పుడు పంపు వైపు చూశాను. పంపును పట్టి ఉంచే నట్లు పొడుగాటి గాడుల్లో ఉంటాయి, సెట్టింగ్ కోసం పంపు కొద్దిగా తిరగడానికి. ఒక నట్టు వాషర్ పక్కన, మట్టీ నూనే పట్టిన నల్లటి చోట, నెలవంకలా సన్నటి మెరుపు గీత కనిపించింది. వాషర్ కింద దాగి ఉండాల్సిన ఇనుము బయటికొచ్చింది, అంటే పంపు జరిగింది. పంపు మీది గీతా, అది బిగిసే ఫ్లాంజి మీది గీతా రెండూ ఎదురెదురుగా లేవు, మిల్లీమీటరు పైనే తేడా. గేర్ల మార్కులు సరిగ్గానే ఉన్నాయని చూసుకుని, గీతకు గీత కలిపి, సన్నటి తేడా కొలిచే డయల్ గేజి పెట్టించి బిగించాం. మెకానిక్ కూలీ తప్ప ఖర్చు లేదు. అదే మెకానిక్. ఇప్పుడు అతనూ గన్ కొనుక్కున్నాడు.

ఇక వస్తువు సంగతి. మెరిసే లోహం మీద ఇది తప్పు చెబుతుంది, చాలా తక్కువ చూపిస్తుంది. తుప్పు పట్టిన మానిఫోల్డ్ మీద నమ్మొచ్చు. లేజర్ చుక్క గురి చూపించడానికే, కొలిచేది దాని చుట్టూ ఉన్న చోటును. నాది 12:1 రకం, అంటే పన్నెండు సెంటీమీటర్ల నుంచి ఒక సెంటీమీటరు వెడల్పు చూస్తుంది, దూరం జరిగితే పక్క కొమ్మ వేడి కూడా కలిపి చెబుతుంది. మే నెల మధ్యాహ్నం మన నల్గొండ ఎండలో ఆ ఎర్ర చుక్క కంటికి ఆనదు, పొద్దున్నే పని పెట్టుకోవాలి. తొమ్మిది వోల్టుల చదరం బ్యాటరీ, వాడకపోతే తీసి పెట్టండి, నాది ఒకసారి లోపలే కారి స్ప్రింగ్ తినేసింది. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ దీనికి పనికిరాదు. మా బావమరిది అది తెచ్చి ప్రయత్నించాడు, ఒంటి వేడి దాటగానే అది చేతులెత్తేసింది.

ఇంజన్‌కనే కొన్నా, ఎక్కువసార్లు పనికొచ్చింది మాత్రం బ్రేక్ డ్రమ్ములకు. పంతంగి టోల్ దాటాక టీకి ఆగినప్పుడు నాలుగు చక్రాలకూ కొడతాను. ఒకసారి వెనక ఎడమది మిగతా వాటికి రెట్టింపు ఉంది, బ్రేక్ పట్టేసి నడుస్తోంది, నాకు స్టీరింగ్‌లో ఏమీ తెలియలేదు.

అంకెలన్నీ డాష్‌బోర్డులోని నోటుబుక్కులో తేదీ వేసి రాస్తాను. పోయిన ఆదివారం నాలుగోది మిగతా వాటికంటే తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంది. ఊగుడు ఇంకా లేదు. డీజిల్ ఫిల్టర్ కింద స్క్రూ వదిలి నీళ్ళు దించాను, వచ్చే ఆదివారం మళ్ళీ కొట్టి, తేడా అలాగే ఉంటే నాజిల్ మార్చి చూస్తాను.