పాత కిల్ట్‌లలో ఏది మేలు: ఇళ్ళ నుంచి వచ్చేదా, అద్దె షాపుదా, సైన్యానిదా?

గ్లాస్గోలోనో ఎడిన్‌బరోలోనో ఉంటూ స్నేహితుడి పెళ్ళికి కిల్ట్ (స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు కట్టే, వెనక కుచ్చిళ్ళున్న గళ్ళ వస్త్రం) కట్టుకోవాలనుకునేవాళ్ళు ఆన్‌లైన్‌లో ముందు గళ్ళ రంగు చూస్తారు. ముందు చూడాల్సింది కొలత. పాత కిల్ట్‌కి నడుము దగ్గర పట్టీలు జరిపి ఒకటి రెండు అంగుళాలు సర్దుకోవచ్చు. పొడవు పెరగదు. పిరుదుల దగ్గర కుచ్చిళ్ళు కుట్టిన తీరు మార్చాలంటే మొత్తం విప్పి కొత్తగా కుట్టాలి, ఆ కూలితో పాత సరుకు కొన్న లాభం పోతుంది.

కిల్ట్ బొడ్డు దగ్గర నిలుస్తుంది కాబట్టి జీన్స్ సైజు పనికిరాదు. 32 జీన్స్ వేసుకునేవారికి బొడ్డు దగ్గర టేపు పెడితే 34, 35 రావడం మామూలే. ఆ కొలత, పిరుదుల చుట్టుకొలత, బొడ్డు నుంచి మోకాలి చిప్ప మధ్య వరకు పొడవు, ఈ మూడూ రాసి పెట్టుకున్నాకే వెతకండి. కట్టుకుని మోకాళ్ళ మీద నిలబడితే అంచు నేలకు సుమారు అంగుళం పైన ఉండాలి.

ఇక రకాలు. ఇళ్ళలో బీరువాల నుంచి వచ్చే చేతికుట్టు ఉన్ని కిల్ట్, అద్దె షాపులు వాడి తీసేసినది, సైన్యం నుంచి బయటికొచ్చినది. వీటి పక్కనే, తక్కువ ధరకు, కృత్రిమ దారాలతో నేసిన కొత్త అక్రిలిక్ లేదా పాలీవిస్కోస్ కిల్ట్ కూడా కనబడి ఊరిస్తుంది.

నాణ్యతలో మొదటిదే మేలు. కొత్తగా కుట్టిస్తే 500 పౌండ్లు దాటే 8 గజాల ఉన్ని కిల్ట్ పాతదైతే అందులో చిన్న భాగానికే దొరకవచ్చు. కానీ ‘8 గజాలు’ అని రాసిన ప్రతిదీ 8 గజాలు కాదు. లెక్క కట్టే దారి ఉంది. అమ్మేవారిని కుచ్చిళ్ళు ఎన్నో, ఒక్కో కుచ్చి లోపలికి ఎంత లోతో, పైకి ఎంత కనబడుతోందో అడగండి. 27 కుచ్చిళ్ళు, లోతు 3.5 అంగుళాలు, పైకి కనబడేది ముప్పావు అంగుళం అనుకుందాం. ఒక్కో కుచ్చికి 7.75 అంగుళాల బట్ట, మొత్తం 209. ముందు భాగంలో ఒకదాని మీద ఒకటి వచ్చే రెండు ఏప్రన్లకు (కుచ్చిళ్ళు లేని పలకలకు) సుమారు 70 కలిపితే 279 అంగుళాలు, అంటే 7.75 గజాలు. అది నిజమైన 8 గజాల కిల్టే. వంటింటి త్రాసు మీద పెట్టి తూచమని కూడా అడగవచ్చు: 16 ఔన్సుల రకం బట్టతో కుట్టిన 8 గజాలది సుమారు కిలోన్నర, ఆ పైన తూగుతుంది. 13 ఔన్సుల రకం బట్టతో 5 గజాలదైతే కిలోకి అటూ ఇటూ.

నాలుగు ఫొటోలు అడగాలి. కింది అంచు దగ్గరగా: మంచి కిల్ట్‌కి అక్కడ మడిచి కుట్టిన హెమ్ ఉండదు, మగ్గం మీద నేసిన అంచే ఉంటుంది. హెమ్ కనబడితే పొడవు తగ్గించారేమో అని అనుమానించండి. లోపలి లైనింగ్: చెమట మరకలు, చిరుగులు. తోలు పట్టీలు: పగిలితే మార్చడం తేలిక, భయపడక్కర్లేదు. చివరిది, ఏప్రన్‌ను కిటికీ వెలుతురుకు పట్టి తీసినది. చిమ్మట పురుగు తిన్న చిల్లులు దాంట్లోనే బయటపడతాయి. కుచ్చి లోపలి మడతలో చిన్న చిల్లు ఉంటే రఫూతో సరిపోతుంది, ఎవరికీ కనబడదు. ఏప్రన్ మధ్యలో ఉంటే వదిలేయండి.

నడుము కొలత అడిగేటప్పుడు ‘ఏ రంధ్రంలో బిగించి కొలిచారు’ అని కూడా అడగాలి. పెద్దది కొని బిగించేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే పై ఏప్రన్ పక్కకు జరిగి, వెనక ఉండాల్సిన కుచ్చిళ్ళు తొడల మీదికి వస్తాయి. రెండంగుళాలకు మించిన తేడాను పట్టీలు దాచలేవు.

అద్దె షాపు కిల్ట్ ఎన్నో నడుముల మీద తిరిగినది. పదేపదే డ్రైక్లీనింగ్, ఇస్త్రీ అయి కుచ్చిళ్ళ అంచులు మెరుస్తుంటాయి. అయినా దీనికి ఒక గట్టి సుగుణం ఉంది. అమ్మేది వ్యాపారి కాబట్టి, బ్రిటన్‌లో 2013 నాటి వినియోగదారుల ఒప్పందాల నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో కొన్నది చేతికందిన 14 రోజుల్లోపు మనసు మార్చుకుని రద్దు చేసుకోవచ్చు. మామూలు మనిషి తన ఇంట్లోది అమ్మితే ఆ హక్కు లేదు, వస్తువు చెప్పినట్టు ఉంటే చాలు. మొదటిసారి కొంటున్నవారికి, కొలతల మీద ఇంకా నమ్మకం కుదరనివారికి ఇదే మేలు.

సైన్యానిది గట్టి సరుకు. బరువైన బట్ట, లోపల సైజు ముద్ర. 2006 మార్చి 28న స్కాట్లండ్ పదాతిదళ రెజిమెంట్లు ఒక్కటిగా కలవడంతో పాత రెజిమెంట్ల గళ్ళు సైన్యంలో వాడుక నుంచి చాలావరకు తప్పుకున్నాయి. కుచ్చిళ్ళు కూడా వేరు: పౌరుల కిల్ట్‌లో సాధారణంగా వెనక కూడా గళ్ళు అలాగే కనబడేలా మడుస్తారు, సైన్యానిదాంట్లో ఎక్కువగా ఒకే చార వరసగా వచ్చేలా మడుస్తారు. గోర్డన్ హైలాండర్లు అనే పాత రెజిమెంట్ కిల్ట్‌కి పసుపు చార అలా నిలుస్తుంది, చూడ్డానికి ఎంతో అందం. అయితే ఇది నడుము పైకి ఇంకా ఎక్కువ ఎత్తుగా ఉంటుంది కాబట్టి రాసిన పొడవును నమ్మి కొంటే మోకాలు లెక్క తప్పుతుంది. వేడి హాల్లో గంటల తరబడి కేలీ అనే స్కాటిష్ బృంద నృత్యం చేసేవారికి బరువు కూడా.

కొత్త అక్రిలిక్ దాన్ని చిమ్మట తినదు, అదొక్కటే లాభం. ఇస్త్రీ వేడికి మెరుపెక్కుతుంది, కుచ్చి మడత నిలవదు, నడిస్తే ఉన్నిలా ఊగదు. పాలీవిస్కోస్ కాస్త నయం, వానలో బయట తిరగడానికి, ఒకటి రెండుసార్ల వాడకానికి చాలు. మంచి బట్ట కోరుకునేవారు ఆ డబ్బుకు మరికొంత చేర్చి పాత ఉన్నిది కొనడమే సరైన పని.

రంగు విషయంలో ఒక్క జాగ్రత్త. ‘ఏన్షెంట్’ అని రాస్తే పాత బట్ట అని కాదు, లేత రంగుల అద్దకం అని. అదే గళ్ళు ‘మోడరన్’లో ముదురుగా, ‘వెదర్డ్’లో మట్టి రంగుల్లో ఉంటాయి. గళ్ళ పేరు నిజమో కాదో, గళ్ళ నమూనాల అధికారిక జాబితాగా 2009లో మొదలైన స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో చూసుకోవచ్చు. కొన్ని గళ్ళకు స్కాట్లండ్ వంశాల పేర్లుంటాయి, కానీ ఆ వంశం వాళ్ళు కాకపోతే వేసుకోకూడదనే చట్టమేదీ లేదు.

ఉన్నిది ఏది కొన్నా, ఇంటికి రాగానే బీరువాలో పెట్టకండి. గాలి తీసేసిన పాలిథీన్ సంచిలో గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచితే చిమ్మట గుడ్లు, పురుగులు చస్తాయి. తీశాక సంచి విప్పకుండానే గది వేడికి రానివ్వాలి, లేదంటే బట్ట మీద తేమ పడుతుంది. ఆ తర్వాత కుచ్చిళ్ళను కింది దాకా పొడవాటి దారపు కుట్లతో పట్టి ఉంచి, తడిగుడ్డ పరిచి ఆవిరితో ఒత్తండి. ఇస్త్రీ పెట్టెను జరపకుండా ఎత్తి ఎత్తి పెట్టాలి. పూర్తిగా చల్లారాకే ఆ దారం లాగేయాలి.