నొప్పుల పొడి పొట్లాలు కొనకండి, ముఖ్యంగా స్టెరాయిడ్ తగ్గిస్తున్నవాళ్లు

శ్రీకాకుళం చుట్టుపక్కల ఎవరింట్లోనైనా కీళ్ల నొప్పులకి స్టెరాయిడ్ వాడుతూ మెల్లగా తగ్గిస్తున్నవాళ్లుంటే, దయచేసి ఇది వాళ్లకి చదివి వినిపించండి.

మా అమ్మకి 68 ఏళ్లు. జబ్బు పేరు పాలీమయాల్జియా రుమాటికా. పొద్దున్న లేస్తే భుజాలు, తుంట్లు బిగుసుకుపోయి, చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయేది. డాక్టరుగారు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర 15 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నెలల తరబడి దించుకుంటూ 5కి తెచ్చారు. అక్కడ నొప్పులు తిరగబెట్టాయి. తగ్గించేటప్పుడు ఇలా అవ్వొచ్చని, అయితే వెంటనే ఫోన్ చెయ్యమని ఆయన ముందే చెప్పారు. మేం చెయ్యలేదు. అది మా తప్పే.

మా మావయ్య నరసన్నపేటలో ఒక షాపు నుంచి పొడి పొట్లాలు తెచ్చాడు. అక్క బాధ చూడలేక తెచ్చాడు, ఆయన్ని ఏమీ అనను. 30 పొట్లాలు 1800 రూపాయలు. "పూర్తిగా ఆయుర్వేదం, సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు, ఇంగ్లీషు మందు ఆపేయొచ్చు" అన్నాడట షాపువాడు. తెల్ల కాగితంలో మడిచిన గోధుమరంగు పొడి, కరక్కాయ వాసన. పొట్లం మీద పేరు లేదు, బ్యాచ్ నంబరు లేదు, తేదీ లేదు, లైసెన్సు నంబరు లేదు.

రెండో రోజుకే నొప్పి మాయం. అమ్మ సంబరపడి మాత్రలు మానేసింది. ఆకలి పెరిగింది, మొహం గుండ్రంగా ఉబ్బింది. ఒళ్లు చేస్తోంది అనుకున్నాం.

నెలకి పొట్లాలు అయిపోయాయి. మళ్లీ వెళ్తే స్టాకు లేదన్నారు. మూడో రోజు పొద్దున్న అమ్మ చోడంబలి గిన్నె పట్టుకుని లేవబోయి గుమ్మం దగ్గరే కూలబడింది. చేతులు చల్లగా, నుదుటి నిండా చెమట, ఒకటే వాంతులు. ఆసుపత్రిలో చూస్తే బీపీ 80/50. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆగితే ఇలాగే అవుతుందని, సెలైన్ పెట్టి హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు.

మాత్ర మానేసి నెలైంది కదా, అప్పుడు పడిపోని మనిషి పొడి ఆగాకే ఎందుకు పడిపోయింది? డాక్టరుగారు అడిగిన ప్రశ్న ఇదే. ఆ పొడిలో స్టెరాయిడ్ కలిసే ఉంటుందని ఆయన అన్నారు. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే ఒంటి సొంత స్టెరాయిడ్‌ని తయారుచేస్తాయి. బయటి నుంచి స్టెరాయిడ్ వస్తున్నంతకాలం అవి నిద్రపోతాయి. లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మెల్లగా తగ్గించేది అందుకే. ఎంత డోసు పోతోందో తెలియని పొడి తింటే ఆ లెక్కంతా తప్పుతుంది. ఇలాంటి పొడుల్లో కిడ్నీలని దెబ్బతీసే నొప్పిమాత్రల మందు కూడా కలుపుతారట. ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుతో ఎన్ని కుటుంబాలు కుంగిపోయాయో చూస్తున్న మనం అది ఎలా మింగుతాం?

నొప్పి తిరగబెడితే మీ డాక్టరుకే చెప్పండి. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు, మనిషి పరిస్థితి చూసి, అవసరమైతే వెనకటి డోసుకి వెళ్లి, ఈసారి ఇంకా నిదానంగా దించుతారు. అమ్మకి ఇప్పుడు అదే చేస్తున్నారు. ఇప్పటికే పొడి వాడుతున్నవాళ్లు భయపడి మీ అంతట మీరు ఆపేయకండి. మిగిలిన పొట్లాలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫిర్యాదు రాసిచ్చాం. ఖాళీ కాగితాలు తప్ప చూపించడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. మీ ఇంట్లో ఒక్క పొట్లం ఉన్నా పారేయకుండా దాచండి.