సర్వర్ కొటేషన్‌లో ఆర్డీఎస్ క్యాల్ లేకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి

ట్యాలీ కోసమో, బిల్లింగ్ కోసమో విండోస్ సర్వర్ కొంటున్నవాళ్లు జాగ్రత్త. ఆర్డీఎస్ క్యాల్ అంటే, స్టాఫ్ దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయి (రిమోట్ డెస్క్‌టాప్) పని చేయడానికి విడిగా కొనాల్సిన లైసెన్స్. "రిమోట్ ఫ్రీగానే వస్తుంది, స్టాఫ్ పదిమందీ ఇంటి నుంచే పని చేసుకోవచ్చు" అని అమ్మేవాళ్లున్నారు. మొదటి నాలుగు నెలలు అన్నీ సవ్యంగా నడుస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

నడిచేదెందుకంటే, రిమోట్ డెస్క్‌టాప్ సెషన్ హోస్ట్ రోల్ (చాలామంది ఒకేసారి సర్వర్‌లోకి లాగిన్ అయ్యేలా చేసే భాగం) వేసినప్పటి నుంచి 120 రోజులు గ్రేస్ పీరియడ్, అంటే లైసెన్స్ లేకున్నా నడిచే గడువు. అది అయ్యాక లైసెన్స్ సర్వర్ అందుబాటులో లేదంటూ కనెక్షన్ తెగిపోతుంది, స్టాఫ్‌లో ఒక్కరూ లోపలికి వెళ్లలేరు. అప్పటికి అమ్మినవాడి చేతికి డబ్బు మొత్తం ముట్టి ఉంటుంది.

నిజంగా ఫ్రీగా వచ్చేవి రెండు సెషన్లే. అవీ సర్వర్ నిర్వహణకే: అప్‌డేట్లు వేయడం, బ్యాకప్ చూసుకోవడం, యూజర్లను చేర్చడం. అందులో అకౌంటెంట్ కూర్చుని వోచర్లు కొడితే, ఒక్కరే అయినా ఉల్లంఘనే. స్టాఫ్ వాడాలంటే ఒక్కొక్కరికి రెండు కావాలి, సర్వర్‌ను వాడుకోవడానికి విండోస్ సర్వర్ క్యాల్ ఒకటి, రిమోట్‌గా రావడానికి ఆర్డీఎస్ క్యాల్ ఒకటి. పదిమందికి పదీ పదీ. కొటేషన్‌లో ఈ రెండు లైన్లూ విడివిడిగా ఉండాలి.

నిలదీస్తే కొందరు కొన్ని వందల రూపాయలకే "50 యూజర్ల కీ" తెచ్చి వేస్తారు. కీ యాక్టివేట్ అయినంత మాత్రాన లైసెన్స్ మీదైపోదు. వాల్యూమ్ లైసెన్స్ (కంపెనీలకు టోకుగా ఇచ్చేది) అంటే మీ కంపెనీ పేరున అగ్రిమెంట్ ఉండాలి, మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో కనపడాలి. రిమోట్ లాగిన్లను నడిపే విండోస్ ఫైలు టెర్మ్‌ఎస్ఆర్‌వీ డీఎల్ఎల్ (termsrv.dll)ను ప్యాచ్ చేసి, అంటే లైసెన్స్ అడగకుండా మార్చి ఇచ్చేది ఇంకా ప్రమాదం. విండోస్ అప్‌డేట్ ఆ ఫైలును మార్చిందంటే అంతా ఆగిపోతుంది. ఆగకూడదని అప్‌డేట్లు ఆపేస్తే, ఇంటర్నెట్‌కు తెరిచిన సర్వర్ రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దొరికిపోతుంది.

డొమైన్ (కంప్యూటర్లనూ యూజర్లనూ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటు) లేని చిన్న ఆఫీసుల్లో మరో గొడవ. మనిషికి ఒకటి లెక్కన ఇచ్చే పర్ యూజర్ క్యాల్‌కు, డొమైన్‌లో యూజర్ల జాబితా ఉంచే యాక్టివ్ డైరెక్టరీ కావాలి. వర్క్‌గ్రూప్‌లో (డొమైన్ లేకుండా) ఉన్న విండోస్ సర్వర్ 2019కు దాన్ని పెడితే 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుందని మెసేజ్ వస్తుంది, చెప్పినట్టే తెగిపోతుంది. ఎంట్రీ మధ్యలో ఉన్నా ఆగదు. అలాంటి చోట కంప్యూటర్‌కు ఒకటి లెక్కన ఇచ్చే పర్ డివైస్ క్యాల్ తీసుకోండి. వెర్షన్ కూడా చూడండి: 2019 క్యాల్ 2022 సర్వర్‌కు పనికిరాదు, 2022 క్యాల్ 2019కి పనికొస్తుంది.

డెలివరీ రోజే సర్వర్ మేనేజర్‌లో టూల్స్ మెనూ నుంచి రిమోట్ డెస్క్‌టాప్ లైసెన్సింగ్ డయాగ్నోసర్ తెరిపించండి. లైసెన్సుల సంఖ్య, మోడ్ (పర్ యూజరా, పర్ డివైసా), లైసెన్స్ సర్వర్ పేరు అందులో కనిపిస్తాయి. సంఖ్య సున్నా అని ఉన్నా, గ్రేస్ పీరియడ్ మాట ఉన్నా మిగతా డబ్బు ఆపేయండి.

ఇప్పటికే తలుపు మూసుకుపోయిందా? కంగారు పడొద్దు, డేటా ఎక్కడికీ పోదు. రన్ బాక్సులో ఎంఎస్‌టీఎస్‌సీ అని కొట్టి, ఖాళీ వదిలి స్లాష్ అడ్మిన్ చేర్చి (mstsc /admin) అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌తో వెళ్తే క్యాల్ లేకుండానే తెరుచుకుంటుంది. ముందు కంపెనీ డేటా బ్యాకప్ బయటకు తీసుకోండి, ఆ తర్వాతే అమ్మినవాడికి ఫోన్ చేయండి.