ఇంటికొచ్చి రక్తం తీసే ఫుల్ బాడీ ప్యాకేజీలు: డబ్బు కట్టేముందు టైమ్ అడగండి

హైదరాబాద్‌లో ఆఫర్ ధర చూసి ఫుల్ బాడీ చెకప్ బుక్ చేస్తున్నవాళ్లు జాగ్రత్త. కూకట్‌పల్లిలో ఒక పెద్దాయన రిపోర్టులో పొటాషియం ఎక్కువ, పరగడుపు షుగర్ బాగా తక్కువ అని వచ్చింది. ఇంట్లోవాళ్లు హడలిపోయి ఎమర్జెన్సీకి తీసుకెళ్లారు. అక్కడ మళ్లీ రక్తం తీస్తే రెండూ నార్మల్. అసలు సంగతి మొదటి రిపోర్టు పైభాగంలోనే, చిన్న అక్షరాల్లో ఉంది: శాంపిల్ తీసింది ఉదయం 7:10, ల్యాబ్‌కు చేరింది మధ్యాహ్నం 2:40.

ట్యూబులోకి వచ్చాక కూడా ఎర్రకణాలు బతికే ఉంటాయి, షుగర్‌ని వాడుకుంటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అది గంటకు 5 నుంచి 7 శాతం పడిపోతుంది. అందుకే షుగర్‌కి ఫ్లోరైడ్ ఉన్న గ్రే మూత ట్యూబు వాడాలి. ఇక పొటాషియం. అది కణం లోపల ఎక్కువ, బయట తక్కువ. ఆ తేడాను కాపాడే, కణం పొరలోని పంపు చల్లదనానికి మందగిస్తుంది, పొటాషియం మెల్లగా బయటికి వచ్చేస్తుంది. కణాలు పగలవు, సీరం (గడ్డకట్టాక పైన తేలే పసుపు ద్రవం) ఎర్రబడదు, కాబట్టి ల్యాబ్‌లో ఎవరికీ అనుమానం రాదు. ‘ఐస్ బాక్సులో తీసుకెళ్తాం సార్’ అన్న మాటతో నిశ్చింతగా ఉండకండి. జెల్ ఉన్న పసుపు మూత ట్యూబును అరగంట గడ్డకట్టనిచ్చి, తీసిన రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో (గిర్రున తిప్పి కణాలను, సీరంని విడదీసే యంత్రం) తిప్పారా అన్నదే అడగాలి.

రెండో మోసం స్లాట్‌ది. ‘పొద్దున స్లాట్లు లేవు, సాయంత్రమైనా పర్లేదు’ అంటారు. కొన్ని టెస్టులకు నిజంగానే పర్లేదు. రెండుమూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు కదా. కానీ కార్టిసాల్ అనే హార్మోన్ ఉదయం 8 ప్రాంతంలో ఎక్కువగా ఉండి సాయంత్రానికి సగానికి దిగొచ్చు. సాయంత్రం తీసి ఉదయపు రేంజ్ పక్కన అచ్చేస్తే లేని జబ్బు కనిపిస్తుంది. పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్‌కి ఉదయం 7 నుంచి 10 మధ్యే ఇవ్వాలి. థైరాయిడ్‌ని నడిపించే హార్మోన్ టీఎస్‌హెచ్ రాత్రి పెరిగి మధ్యాహ్నానికి తగ్గుతుంది, కాబట్టి కొద్దిపాటి థైరాయిడ్ లోపం మధ్యాహ్నం శాంపిల్‌లో దొరక్కపోవచ్చు. ఈసినోఫిల్స్ అనే తెల్లకణాల తీరు కార్టిసాల్‌కి ఎదురు, పొద్దున తక్కువ, రాత్రికి ఎక్కువ. ఐరన్ కూడా పూటపూటకీ మారుతుంది. ముందురోజు ఐరన్ మాత్ర వేసుకుంటే ఆ అంకెను నమ్మలేం.

హిమోగ్లోబిన్ విషయంలో గడియారం కంటే భంగిమ ముఖ్యం. పడుకున్న మనిషి లేచి నిలబడితే రక్తంలోని నీరు కొంత కణజాలంలోకి దిగి రక్తం చిక్కబడుతుంది. కణాలు పెరగకుండానే అంకె పెరుగుతుంది. టోర్నికెట్ (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటి బిగించి ఉంచినా ఇదే జరుగుతుంది. రక్తం తీసే కుర్రాడు తొందరపెట్టినా సరే, పావుగంట కూర్చున్నాకే చెయ్యి ఇవ్వండి.

పర్పుల్ మూత ట్యూబును పసుపుదాని తర్వాతే నింపాలి, ఒకదాంట్లోది ఇంకోదాంట్లో అస్సలు పోయకూడదు. పర్పుల్ ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందులో పొటాషియం ఉంటుంది, పైగా అది కాల్షియాన్ని పట్టేస్తుంది. ట్యూబుల మీద పేరు, టైమ్ మీ ఎదుటే రాయించి ఫోటో తీసుకోండి.

ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే సంస్థ ఎన్‌ఏబీఎల్ గుర్తు కరపత్రం మీద ఉంటే చాలదు. మీ రక్తాన్ని పరీక్షించే ల్యాబ్ అడ్రస్ అడిగి ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో వెతకండి. కలెక్షన్ సెంటర్ గోడకు మెయిన్ ల్యాబ్ సర్టిఫికెట్ తగిలించి ఉండొచ్చు. రిపోర్టులో తీసిన టైమ్, చేరిన టైమ్ లేకపోయినా, మధ్యలో గంటలు గడిచిపోయినా, ఆ పేజీ జతచేసి ఉచితంగా మళ్లీ తీయమని మెయిల్ పెట్టండి. పొటాషియం తేడాగా ఉంటే మాత్రం వాళ్ల జవాబు కోసం ఆగకండి. వెంటనే డాక్టర్‌తో మాట్లాడి, ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలోనే మళ్లీ ఇవ్వండి.