మోగిందా లేదా? క్యాండీ థర్మామీటర్‌తో నా టాఫీ తంటాలు

2019 నవంబర్‌లో కొన్నా, పాకం వేడి ఎంతుందో చూపించే ఈ థర్మామీటర్. డిజిటల్‌ది, గిన్నె అంచుకి క్లిప్ పెట్టుకునేది, మనం సెట్ చేసిన డిగ్రీకి రాగానే బీప్ బీప్ మని గోల పెట్టేది. అప్పట్లో ఇరవై రెండు డాలర్లో ఎంతో. ఇలాంటివి సవాలక్ష ఉన్నాయి, అన్నీ ఇంచుమించు ఒకటే, అందుకని కంపెనీ పేరు వదిలేస్తున్నా. నేను చెప్పేది ఆ మోత గురించే.

టాఫీ ఎలా చెయ్యాలో ఇక్కడ రాయను, వెన్న పంచదార సమంగా వేసి ఉడికించి, పలకలా పోసి, పైన చాక్లెట్ చిప్స్ చల్లి, అవి కరిగాక రాసేసి బాదం పలుకులు అద్దడమే. మన ఊళ్ళో కిరాణా కొట్టు సీసాలో ఉండే సాగే టాఫీ బిళ్ళ కాదు, ఇక్కడ అమెరికాలో క్రిస్మస్‌కి డబ్బాల్లో పెట్టి ఇచ్చే, పటుక్కున విరిగే రకం. కష్టమంతా దింపాల్సిన క్షణంలోనే ఉంది. అన్ని రెసిపీల్లో 300 ఫారెన్‌హీట్ అని ఉంటుంది. 240 దాకా నత్త నడక నడుస్తుంది, చెయ్యి నొప్పెట్టేదాకా కలుపుతూనే ఉంటాం, ఆ తర్వాత మాత్రం ఆగదు, ఫోన్‌లో ఒక మెసేజ్ చూసేలోపు రంగు మారిపోతుంది.

అందుకే ఆ బీప్ అంటే నాకు ప్రాణం. న్యూజెర్సీలో, ఎడిసన్ ఊళ్ళో ఉన్నప్పుడు మూడు క్రిస్మస్‌లు, ఒక్క బ్యాచ్ పోలేదు. పాప టీచర్‌కి, స్కూల్ బస్ డ్రైవర్‌కి, పోస్ట్ తెచ్చే ఆవిడకి డబ్బాలు రెడీ. (పోస్టావిడకి డబ్బులు ఇవ్వకూడదంట, ఇరవై డాలర్ల లోపు వస్తువైతే పుచ్చుకోవచ్చు, కాబట్టి టాఫీ డబ్బా భేషుగ్గా సరిపోతుంది.) ఎవరడిగినా కళ్ళు మూసుకుని ఇది కొనెయ్యండి అని చెప్పేదాన్ని, నా మాట విని ముగ్గురో నలుగురో కొన్నారు కూడా.

2022లో డెన్వర్ పక్కన అరోరాకి మారాం. వచ్చిన వారం నుంచీ కందిపప్పు సరిగ్గా ఉడకట్లేదు, రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాల్సొచ్చేది, ఇండియన్ స్టోర్ వాడు పాత పప్పు అంటగట్టాడని వాణ్ణి తిట్టుకున్నా. ఆగస్టులో చుట్టాలొస్తే ఊరు చూపిద్దామని డెన్వర్‌లో కాపిటల్ బిల్డింగ్‌కి, అంటే రాష్ట్ర శాసనసభ భవనానికి, తీసుకెళ్ళాం. అక్కడ ఒక మెట్టు మీద సముద్ర మట్టానికి ఒక మైలు ఎత్తు అని చెక్కి ఉంటుంది, దాని మీద నిలబడి నవ్వుతూ ఫోటో దిగా. ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది. అన్నీ కళ్ళ ముందే ఉన్నా బుర్రకి ఎక్కితేగా.

డిసెంబర్ వచ్చింది. ఎప్పట్లాగే 300 సెట్ చేసి, కలుపుతూ నిలబడ్డా. 290 దాటాక రంగు తేడాగా అనిపించింది, ఇంకా మోగలేదు కదా అని ఆగా. మోగింది, దింపా, ట్రేలో పోశా. పోస్తుంటేనే నెయ్యి విడిపోయి ట్రే అంచుల్లో మడుగు కట్టింది, మధ్యలో ముద్ద. చల్లారాక కొరికితే పన్ను కదిలినంత పనైంది, వెనక కొంచెం చేదు. సరే, మంట ఎక్కువైందేమో అని రెండోది సన్న సెగ మీద చేశా, నలభై నిమిషాలు. మళ్ళీ అదే. నాలుగు స్టిక్కుల వెన్న, చెత్తబుట్టలోకి. మా ఆయన మాత్రం "బానే ఉంది కదా, చప్పరిస్తే సరి" అంటాడు, ఆయనకి ఏదైనా బానే ఉంటుంది.

థర్మామీటర్ చచ్చిపోయిందని ఫిక్స్ అయ్యా. ఒక్క స్టార్ ఇచ్చేద్దామని కోపంగా పెద్ద పేరా టైప్ చేశా కూడా, పోస్ట్ చెయ్యలేదు, బతికిపోయింది. కొత్తది ఇంకోటి, వేరే కంపెనీది తెప్పించా. మరిగే నీళ్ళలో పెట్టి చెక్ చెయ్యాలంటారు కదా, 212 రావాలి. పాతది 202 చూపించింది. చూశావా, పాడైంది అనుకుని కొత్తది పెట్టా. అదీ 202! రెండూ ఒకేలా ఎలా పాడైపోతాయి? ఐసు నీళ్ళలో పెడితే రెండూ బుద్ధిగా 32 చూపించాయి. అంటే మీటర్లకేం రోగం లేదు, నీళ్ళకే ఏదో అయింది.

వెన్న అయిపోయి ఎదురింటి పెద్దావిడ దగ్గరికి అప్పుకి వెళ్ళి ఈ సోది అంతా చెప్తే ఆవిడ నవ్వింది. పుట్టి పెరిగింది ఇక్కడే. ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, నీళ్ళు 202 దగ్గరే మరుగుతాయి, కాబట్టి పాకంలో నీరు కూడా ముందే ఎగిరిపోతుంది, రెసిపీలో 300 అంటే ఇక్కడ 290కే దింపెయ్యాలి అంది. అంటే 300 దాకా ఆగితే నేను పది డిగ్రీలు ముదరబెట్టినట్టు. పప్పు ఉడకకపోవడం కూడా ఇదే గొడవ అని అప్పుడు వెలిగింది, పాపం ఆ స్టోర్ వాడు.

నమ్మకం కుదరక, వెన్న కూడా అప్పుది కదా, ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశా. ఇక్కడ తొమ్మిది, తణుకులో మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర. ఫోన్‌ని మసాలా డబ్బాకి ఆనించి పెట్టి కలుపుతున్నా.

"మోగిందా?" అంది అమ్మ.

"ఇంకా లేదమ్మా, 284 దగ్గరుంది."

"ఎనభై నాలుగేంటే? మోగిందా అంటుంటే! పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేశావా అసలు?"

నేను బీప్ గురించి చెప్తున్నా, ఆవిడ వేరుశనగ అచ్చు పాకం గురించి అడుగుతోంది. నీళ్ళలో వేసిన చుక్క గట్టిపడ్డాక తీసి పళ్ళానికేసి కొడితే టంగుమని మోగాలి, మా ఇంట్లో ముదురు పాకం అంటే అదే. సెగ తగ్గించి, పింగాణీ ప్లేట్‌లో నీళ్ళు పోసి చుక్క వేసి కొట్టా. ఏ చప్పుడూ లేదు. "పింగాణీ ఎక్కడ మోగుతుందే, స్టీలు పళ్ళెం తియ్యి" అని కసిరింది. స్టీలుది తీశా. 286 దగ్గర చుక్క డొప్పుమంది, వేలితో నొక్కితే కాస్త వంగింది. 290 దగ్గర టంగ్! ఫోన్‌లోంచి అమ్మకే వినిపించింది, "దింపు దింపు" అని అక్కణ్ణుంచి అరుస్తోంది. పోశా. నెయ్యి విడలేదు, పలక నున్నగా పరుచుకుంది, గంటయ్యాక విరిస్తే పటుక్. ఎదురింటావిడ చెప్పిన నంబరు, అమ్మ పళ్ళెం మోత, రెండూ ఒక్క చోటే కలిశాయి, ఆ రోజు నాకు నిద్ర కూడా సరిగ్గా పట్టలేదు సంతోషంతో.

అలాగని థర్మామీటర్ దండగ, పళ్ళెం ఉంటే చాలు అని చెప్పట్లేదు. మరుసటేడు పంతం కొద్దీ పళ్ళెం ఒక్కదాంతో చేసి చూశా. చుక్క వేసి, అది చల్లారి, తీసి కొట్టే ఆ పదిహేను సెకన్లలో వెనకాల గిన్నెలో పాకం దాని పని అది చేసుకుపోతోంది, ప్రతిసారీ గిన్నె దింపి పెట్టి మళ్ళీ ఎక్కించాలి, ఒంటరిగా ఉంటే చేతులు చాలవు. ఇంతలో బెల్ మోగి డెలివరీ అబ్బాయి వచ్చాడు, ఆ బ్యాచ్ గోవిందా. ఇప్పుడు నా పద్ధతి ఏంటంటే, ఏటా మొదటి రోజు మరిగే నీళ్ళలో పెట్టి ఎంత చూపిస్తుందో చూసుకుంటా (వాతావరణాన్ని బట్టి అది కూడా ఒక డిగ్రీ అటూ ఇటూ అవుతుంది), 212కి ఎంత తక్కువుంటే 300లోంచి అంత తీసేస్తా, అలారం మాత్రం ఇంకో ఐదు డిగ్రీలు ముందే పెడతా. బీప్ వస్తే ఇక ఫోన్ పక్కన పెట్టి పళ్ళెం దగ్గరికి తీసుకో అని అర్థం, దింపమని కాదు. పైన కళ్ళు మూసుకుని కొనమని చెప్పేదాన్ని అన్నా కదా, ఇప్పుడు కళ్ళు తెరిచి కొనమంటా.

ఇంకో సంగతి, సగం కొలతతో చేస్తే దీని పుల్ల పాకంలో సరిగ్గా మునగదు, తక్కువ చూపిస్తుంది, గిన్నె వంచి పట్టుకోవాలి. అడుగుకి తగిలితే ఎక్కువ చూపిస్తుంది. అందుకే వెడల్పు గిన్నె వద్దు, చిన్నది, లోతుది, అడుగు మందంది తీసుకోండి. నెయ్యి విడిపోతున్నట్టు అనిపిస్తే ఒక చెంచా వేణ్ణీళ్ళు పోసి గట్టిగా కలిపితే చాలాసార్లు కలిసిపోతుంది, చిందుతుంది జాగ్రత్త, నా మణికట్టు మీద మచ్చ ఉంది. అరిసెల పాకానికి మాత్రం ఎప్పుడూ పెట్టలేదు, దానికి అమ్మ వీడియో కాలే.

కొనాలా వద్దా అంటే మీరు ఎక్కడున్నారు, ఎన్ని డబ్బాలు చేస్తారు అనేదాన్ని బట్టి. న్యూజెర్సీలోనో హ్యూస్టన్‌లోనో ఉంటే లెక్కలేం అక్కర్లేదు, సెట్ చేసి దింపెయ్యడమే, కాకపోతే అక్కడి తేమకి టాఫీ మెత్తబడుతుంది, డబ్బా మూత గట్టిగా ఉండాలి. ఎడిసన్‌లో నాలుగో రోజుకి చేతికి అంటుకునేది, ఇక్కడ పొడి గాలికి రెండు వారాలు కరకరలాడుతుంది, ఆ విషయంలో డెన్వర్‌కి దండం పెట్టాలి. ఏడాదికి ఒక్క బ్యాచ్ చేసేవాళ్ళకి స్టీలు పళ్ళెం చాలేమో. నాకైతే ఈసారి పద్దెనిమిది డబ్బాలు, ఇది లేకపోతే కష్టం.

మొన్న డిసెంబర్‌లో వైరు మొదట్లో ప్లాస్టిక్ చీలింది, ఆవిరి తగిలి తగిలి. నంబర్లు అప్పుడప్పుడు గెంతుతున్నాయి, 240 నుంచి ఉన్నట్టుండి 310 చూపించి గుండె ఆగినంత పని చేస్తుంది. టేప్ చుట్టి నడిపిస్తున్నా. కోపంలో కొన్న ఆ రెండోది డ్రాయర్‌లో అలాగే ఉంది, దానికి బీప్ లేదు, ఇంట్లో ఎవరికీ జ్వరం కూడా చూడ్డానికి పనికిరాదు.