పాత బౌరైడర్ కొనాలంటే: ఇంజన్ లోపలా, బయటా?

కళింగపట్నం దగ్గర వంశధారలో పిల్లలతో తిరగడానికి రెండు పాత బౌరైడర్లు (ముందు భాగం తెరిచి, సీట్లుండే చిన్న మోటారు పడవలు) చూశాం. రెండూ 17 అడుగులవే. ఒకటి స్టెర్న్‌డ్రైవ్, ఇంజన్ లోపల ఉంటుంది. రెండోది ఔట్‌బోర్డ్, ఇంజన్ వెనక బయట ఉంటుంది.

స్టెర్న్‌డ్రైవ్ చూడగానే నచ్చేసింది. వెనక ఈతకు దిగే మెట్టు ఎంత విశాలమో! కానీ డ్రైవ్‌ను, అంటే వెనక బయట ఉండే ప్రొపెల్లర్ భాగాన్ని, నీళ్లలోంచి పూర్తిగా పైకి లేపలేం. నది సముద్రంలో కలిసే చోటు కదా, ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది. ఇంజన్‌కీ డ్రైవ్‌కీ మధ్య నీరు చొరబడకుండా ఉండే రబ్బరు తొడుగు (బెలోస్) చిరిగితే పడవలోకి నీరొస్తుంది. పెట్రోలు ఆవిరి లోపల నిలుస్తుంది కాబట్టి స్టార్ట్ చేసే ముందు 4 నిమిషాలైనా బ్లోవర్ (ఆ ఆవిరిని బయటకు తోసే ఫ్యాన్) వేయాలి. పిల్లలుండగా నాకు అదే పెద్ద టెన్షన్.

ఔట్‌బోర్డ్‌ను పైకి లేపి ఉంచొచ్చు, వాడాక మంచినీళ్లతో కడగొచ్చు. మన మత్స్యకారుల ఫైబర్ బోట్లకూ ఔట్‌బోర్డ్లే ఉంటాయి, అందుకే రిపేరు తెలిసినవాళ్లు దగ్గర్లోనే ఉంటారు. నేనైతే దీన్నే తీసుకుంటాను.

ఏది కొన్నా ఇంజన్ బిగించిన వెనక గోడను సుత్తి పిడితో తట్టి చూడండి. మొద్దు శబ్దం వచ్చినా, ఫ్లోర్ కాలి కింద మెత్తగా దిగినా లోపలి చెక్క కుళ్లి ఉండొచ్చు. అలాంటిది ఎంత చవకైనా వద్దు. ముందు భాగం తెరిచి ఉండే పడవ ఇది, కెరటాలు లేచే మొగ (నది సముద్రంలో కలిసే చోటు) వైపు మాత్రం తీసుకెళ్లకండి.