నల్లకుంట తర్కం క్లాసు: ఒక ఏసీ మెకానిక్ అనుభవం

పదహారేళ్లుగా ఏసీలు రిపేరు చేస్తున్నాను. హైదరాబాద్ నల్లకుంటలో ఒక రిటైర్డ్ లెక్చరర్ ఇంటికి సర్వీసుకు వెళ్లినప్పుడు, ఆదివారం పొద్దున మేడ మీద తర్కం చెబుతానని, వచ్చి కూర్చోమని అన్నారు. పన్నెండు వారాలు, ఫీజు 1,500. "గా క్లాసుకు పోతే ఏమొస్తది?" అంది మా ఆవిడ. ఏమొచ్చిందో చెప్తాను.

చదివేది అన్నంభట్టు తర్కసంగ్రహం. 17వ శతాబ్దంలో మన తెలుగువాడు సంస్కృతంలో రాసిన చిన్న పుస్తకం. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరన్న మాట ఈయన మీద పుట్టిందే.

కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పు ఉంది, వంటింట్లో లాగా. రెండు వారాలు ఇదే. తెలిసిన సంగతికి ఇన్ని మాటలెందుకు అనిపించింది. మూడో వారం సార్ తిరగేసి అడిగారు: "నిప్పు ఉంది కాబట్టి పొగ ఉంది అనొచ్చా?" అనొచ్చన్నాం అందరం. "ఎర్రగా కాలిన ఇనుప గుండులో పొగ ఏదయ్యా?" అన్నారు. నిప్పుకు తడి కట్టె తోడైతేనే పొగ.

నాకు చిక్కడపల్లిలో ఒక పెద్దావిడ ఇల్లు గుర్తొచ్చింది. ఎండాకాలంలో ఆమె ఏసీ కాయిల్ మీద ఐస్ కట్టింది. ఐస్ ఉంది కాబట్టి గ్యాస్ తగ్గిందని చెప్పి, నింపి, 2,800 తీసుకున్నాను. పది రోజులకు మళ్లీ ఐస్. చూస్తే బ్లోయర్‌కు మట్టి పట్టి గాలే ఆడటం లేదు. కడిగి వచ్చాను గానీ డబ్బు మాట ఎత్తలేదు. గ్యాస్ తగ్గినా ఐస్ కడుతుంది, గాలి తగ్గినా కడుతుంది. రుజువు చేయాల్సింది ఉన్నచోటా లేనిచోటా కనిపించే ఇలాంటి గుర్తును, అంటే హేతువును, శాస్త్రంలో సవ్యభిచారం అంటారు. నా తప్పుకు వందల ఏళ్ల కిందటే పేరు పెట్టి ఉంచారని తెలిసిన రోజు సాయంత్రమే వెళ్లి ఆమె డబ్బు ఆమెకు ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు ఐస్ చూడగానే గ్యాస్ కొలిచే గేజ్ తీయను. ముందు ఫిల్టర్, తర్వాత బ్లోయర్, గ్యాస్ సంగతి ఆ తర్వాతే. ఎందుకు అలా అనుకుంటున్నానో కస్టమర్‌కు చూపించి చెప్తాను.

లోటు కూడా ఉంది. సంస్కృతం పదాలు బోర్డు మీద రాయరు, నోట్స్ ఇవ్వరు. పొగను చూసి నిప్పు ఉందని తేల్చడాన్ని శాస్త్రంలో అనుమానం అంటారు; దాన్నే ఒప్పుకోని, కంటికి కనిపించేదే నమ్మే చార్వాకులను ఒక్క గంటలో ముగించారు, అది నాకు సరిపోలేదు. పొగ, నిప్పు కలిసి ఉండటం ఎన్నిసార్లు చూస్తే ఇక ఎప్పుడూ అంతే అనగలం? ఆ ప్రశ్న బండి మీద పోతున్నా వదలడం లేదు.

చేరేవాళ్లు మూడో వారం దాకా ఓపిక పట్టండి. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే చెబితే ఆ రోజు క్లాసు కింద హాల్లో పెడతారు.